బాపు ఎత్తి చూసిన ఎస్ఎంపీఎస్

రామన్నపేట,
20 ఫిబ్రవరి 2023.

రమ వదినెకు,

మల్లిక రాసేది. ఇక్కడ అమ్మ, బాపు, గొర్లు, నేను అందరం మంచిగానే ఉన్నాం. అక్కడ జడ్చర్లలో నువ్వు కూడా మంచిగా ఉన్నావనుకుంటాను. అన్న ఎట్లా ఉన్నాడని మాత్రం అడగను. అతనికీ నాకూ మాటల్లేవు.

ఫోన్ చేతిలో ఉండగా ఈ ఉత్తరమేందని నవ్వకు. నీకు ఫోన్ చేస్తే అన్న స్పీకర్ పెడతాడు. నేను ఒకటి అంటే అతను నాలుగు అంటాడు. కాగితం మీదైతే నా మాటను నడుమ కోసేవాడు ఉండడు. అందుకే నీ కంపెనీ అడ్రసుకే రాస్తున్నాను.

సంగతి ఏమంటే, దశరథం స్టూడియోలో పని మానేశాను. నాలుగేళ్లుగా ఆ స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లన్నీ డిజైన్ చేసింది నేనే అని నీకు తెలుసు. మొన్న చిట్యాల నుంచి ఒక పెద్దమనిషి వచ్చి తన బిడ్డ ఆల్బమ్ చూసి మెచ్చుకుంటే, దశరథం ఏమన్నాడో విను. "పిల్ల బటన్లు నొక్కుతది గంతే. బుర్ర నాది" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. "సిస్టం నాది, కుర్చీ నాది. బయటికి వోయి ఏం జేస్తవు? మీ బాపు గొర్లకు ఫొటోలు దిగుతవా?" అన్నాడు. షాపులో ఉన్నవాళ్లందరూ నవ్వారు.

నాకు మండింది వదినా. అందరి ముందరే అన్నాను. "పూజ పెండ్లి ఆల్బమ్ నేనే జేస్త. ఒడిబియ్యం నాటికి వాళ్లింట్ల పెడత. పెట్టకపోతె నేనే వచ్చి గీ కుర్చీల కూసుంట, నువ్వు బుర్ర నాది అంటె ఔనంట" అని వచ్చేశాను. పూజ అంటే మా వాడకట్టు నర్సింగమ్మ బిడ్డ. పోయిన వారమే పెళ్లయింది. పూజను పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పోసేది ఉగాది దాటాక, ఏప్రిల్ ఏడు, శుక్రవారం. నర్సింగమ్మ నా మీద నమ్మకంతో సరేనంది.

ఇక సిస్టం కావాలి కదా. నేను పుట్టినప్పుడు నా పేర విడిచిన గొర్రె ఉంది కదా, దాని సంతతిలో పిల్లలను బాపు అమ్మాడు. పూజ పెళ్లికి ఫొటోలు తీసిన నవీన్‌కుమార్ హైదరాబాద్ నుంచి సామాను పట్టుకొచ్చాడు. అంతా ఉంది. ఎస్ఎంపీఎస్ ఒక్కటే లేదు, అదే, కరెంటు తీసుకుని లోపలి సామానుకంతా పంచే డబ్బా. అది నల్లగొండలో చవకగా దొరుకుతుందట. నువ్వు కంపెనీ స్టోర్‌లో పని చేస్తావు, ఇట్లాంటివి రోజూ చూస్తావు. ఏది కొనాలో చెప్పు.

నీ మరదలు,
కుర్చీ వదిలిన మల్లిక


జడ్చర్ల,
25 ఫిబ్రవరి 2023.

కుర్చీ వదిలిన మరదలికి,

నీ ఉత్తరం స్టోర్ కౌంటర్ మీదే విప్పి చదివాను. గొర్లకు ఫొటోలు అన్న దగ్గర నాకు చేతులు దురద పెట్టాయి. ఆ మనిషి ఈ దారిన వచ్చి ఉంటే గేటు పాసు రాసి మరీ తన్నేదాన్ని. మంచి పని చేశావు. పందెం మాత్రం కాస్త తగ్గించి వేసుకోవలసింది, కానీ మీ ఇంటి నోరే అంత.

ఇప్పుడు అసలు సంగతి. మిగిలిన వాటిలో ఎక్కడైనా పీనాసితనం చెయ్యి, ఎస్ఎంపీఎస్ దగ్గర చెయ్యకు. ప్రాసెసర్ తక్కువదైతే పని మెల్లగా సాగుతుంది, అంతే. ఈ డబ్బా చెడితే ఒక్కటే పోదు, పక్కవాటిని కూడా వెంట తీసుకుపోతుంది. మా దగ్గర కాటా పక్కన ఉన్న సిస్టంకు ఒకసారి పేరూ ఊరూ లేనిది వేశారు. అది పోతూ పోతూ బోర్డును, డిస్కును తీసుకుపోయింది. అందులో ఉన్న లెక్కలన్నీ మేం మళ్లీ చేతులతో రాసుకున్నాం.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసిన వాట్లను నమ్మకు. అది వాడు చెప్పుకునే గొప్ప. పక్కన చిన్న పట్టీ ఉంటుంది. అందులో పన్నెండు వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశాడో చూసి పన్నెండుతో గుణించు. నీ సిస్టంకు నిజంగా అందేది దాదాపు అంతే. కరెంటు వృథా చెయ్యదని చెప్పే బ్రాంజ్ గుర్తు ఉందో లేదో చూడు. ఎన్నేళ్ల వారంటీనో కాగితం మీద అడుగు, పాడైతే ఎక్కడికి తీసుకుపోవాలో కూడా అడుగు. చెప్పలేకపోతే ఆ షాపు దిగి వచ్చెయ్యి. నీ సామానుకు పేరున్న కంపెనీది నాలుగువందల యాభై వాట్లది చాలు. అంతకు మించి వద్దు.

మీ అన్న గురించి అడగనన్నావు కాబట్టి నేనే చెబుతాను. "గొర్లను అమ్మి డబ్బాలు కొంటాందా" అని రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. నేను కూరలో కారం ఎక్కువేశాను.

మీ వదినె,
రమ


రామన్నపేట,
4 మార్చి 2023.

వదినా,

కొన్నాం. సిస్టం నడుస్తోంది. నా గదిలో, నా బల్ల మీద.

నల్లగొండకు బాపు కూడా వస్తానన్నాడు. గొంగడి భుజాన వేసుకుని షాపులోకి వచ్చేసరికి షాపువాడు దారి తప్పి వచ్చాడనుకున్నాడు. రెండు డబ్బాలు ముందర పెట్టించాను. ఒకటి నువ్వు చెప్పిన నాలుగువందల యాభైది, ఖరీదు ఎక్కువ. రెండోది ఆరువందల యాభై వాట్లది, తక్కువలో వస్తుంది. నేను పట్టీ చదవబోతుంటే బాపు రెండింటినీ రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అంగట్లో పొట్టేలును ఎత్తి చూస్తాడు కదా, అట్లా. కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. బొటనవేలితో పక్కలు నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"గిది జూడు బిడ్డా, చేతిల నిలుస్తాంది. గది ఉత్త తోలు బొక్కలే" అని ఆరువందల యాభైదే నా చేతిలో పెట్టాడు. షాపువాడు కూడా, "పెద్దాయనకు ఎరుకున్నది. బరువున్నదే అసలు మాల్" అన్నాడు.

నువ్వు రాసింది మరిచిపోలేదు వదినా. కానీ నిజం చెప్పనా? నాలుగువందల యాభై చాలు అన్న నీ మాట నాకు నచ్చలేదు. నాకు అందరూ చాలు అనేవాళ్లే. పదో తరగతి చాలు అన్నారు. దశరథం దగ్గర పని చాలు అన్నారు. నువ్వు కూడా అదే మాట రాశావు. నాకు ఎక్కువే కావాలి.

నవీన్‌కుమార్ పూజ పెళ్లి ఫొటోలన్నీ నా డిస్కులోకి ఎక్కించి, తన కార్డులు ఖాళీ చేసుకుని వేరే పెళ్లికి పోయాడు. ఎదుర్కోళ్ల పేజీలు మొదలుపెట్టాను.

మల్లిక


జడ్చర్ల,
9 మార్చి 2023.

మల్లికా,

నీకు చాలు అన్నది నీ చదువుకు, నీ పనికి కాదు. నీ బోర్డుకు, నీ కార్డుకు. ఎస్ఎంపీఎస్ ఎంత పెద్దదైనా సిస్టం తనకు కావలసినంతే తాగుతుంది. దాని మీద కూడా అలుగుతారా?

ఆ డబ్బా వాపసు ఇచ్చెయ్యి. మామ ఎత్తి చూశాడని మురిసిపోయి రాశావు. మామ గొర్రెను చూసినట్టు చూశాడు, అది గొర్రె కాదు. దానికి బరువు ఉండటం మంచిదే, కానీ బరువు ఒక్కటే చూసి కొనేది కాదు. ఈ పని మామకు తెలియదు, ఆయనను ముందర పెట్టుకుని పోవడమే తప్పు. పట్టీ మీద పన్నెండు వోల్టుల దగ్గర ఎంత రాసి ఉందో చూసి రాయి. ఫొటోలు ఇంకోచోట కూడా పెట్టుకో. ఒక్క డిస్కులో ఉంచుకుని నిద్రెట్లా పడుతోంది నీకు?

రమ


రామన్నపేట,
14 మార్చి 2023.

వదినెకు,

మా బాపుకు తెలియదు అని రాశావు. ఆ అక్షరాలు అమ్మకు చదివి వినిపించలేదు, వినిపిస్తే ఏమనుకుంటుందోనని. బాపు ఎత్తి చూసిన గొర్రె ఇంటికి వచ్చాక చచ్చిందని ఈ చుట్టుపక్కల ఒక్కరితో చెప్పించు. జమీలాపేట అంగడి నుంచి వేములకొండ దాకా ఆయనను బతిమాలి వెంట తీసుకుపోతారు. నువ్వు స్టోర్‌లో నాలుగు డబ్బాలు చూసినంత మాత్రాన ఆయనకు చెప్పేదానివయ్యావా?

పట్టీ చూశాను. గుణించాను కూడా. ఎంత వచ్చిందో నీకు చెప్పను.

సిస్టం నడుస్తోంది. తలంబ్రాల పేజీలు చూసి నర్సింగమ్మ కళ్లు తుడుచుకుంది. అన్న కూడా నిన్న అమ్మకు ఫోన్ చేసి "ఎందుకు గీ గోస, దశరథం కాడికే పొమ్మను" అన్నాడట. నువ్వూ అదే కోరుకుంటున్నావేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. మీరిద్దరూ ఒక ఇంటివాళ్లే కదా.

మల్లిక


జడ్చర్ల,
18 మార్చి 2023.

మల్లికకు,

గుణించినదాన్ని దాచావంటే ఎంత వచ్చి ఉంటుందో నాకు తెలిసింది.

ఈ ఉత్తరంతో పాటు బస్సు పార్సిల్‌లో ఒక డబ్బా పంపుతున్నాను. వాడితే వాడు. లేకపోతే తలుపుకు అడ్డం పెట్టుకో.

రమ


రామన్నపేట,
24 మార్చి 2023.

వదినెకు,

నీ పార్సిల్ వచ్చింది. విప్పలేదు. చుట్టూ మీ కంపెనీ పేరున్న టేపు చుట్టి ఉంది. అది చూడగానే నాకు అర్థమైంది. అన్న కూడా అమ్మతో, "రమ స్టోర్ల పాత సామాన్ మస్తు పడి ఉంటది, ఒకటి పంపిందట" అన్నాడు.

నేను గొర్రెలను అమ్మి సిస్టం పెట్టుకున్నది ఇంకొకరి పాత సామాను వేసుకోవడానికి కాదు. అది అడగకుండా తెచ్చిందైతే మరీ అన్యాయం. రేపు దశరథం నోట, దొంగ సామాన్‌తో షాప్ పెట్టింది అనిపించుకోమంటావా? మా ఇంట్లో ఎవరి మందలోని పిల్ల మా మందలో కలిసినా పొద్దున్నే తోలుకుపోయి ఇచ్చి వస్తాం. డబ్బా కూడా వాపసు పంపుతాను. నీకు నా మీద అంత జాలి వద్దు.

(ఇక్కడిదాకా నిన్న రాశాను. కింద రాసేది ఇవాళ.)

వదినా, నిన్న మధ్యాహ్నం అప్పగింతల పేజీ చేస్తుండగా పట్‌మని చప్పుడైంది. తెర నల్లబడింది. బెల్లం పాకం మాడినట్టు ఒకటే వాసన. అమ్మ పరుగెత్తుకొచ్చి మెయిన్ ఆపింది.

బాపు, నేను నల్లగొండకు పోయాం, కానీ ఆ షాపుకు కాదు. రాంచందర్ అని రిపేర్ చేసే ఆయన ఉన్నాడు, ఆయన దగ్గరికి. పేలిన డబ్బాను ఆయన విప్పాడు. లోపల సామాను అరచేతిలో పట్టేంత కూడా లేదు. అడుగున ఒక ఇనుప పలక బంకతో అతికించి ఉంది. దేనికీ కలిపి లేదు. బరువు కోసం పెట్టింది.

బాపు ఆ పలకను చేతిలోకి తీసుకున్నాడు. అంగడికి తోలే ముందు గొర్రెకు ఉప్పు నాకించి కడుపునిండా నీళ్లు తాపి అమ్మేవాళ్లు ఉంటారు. వాళ్లను బాపు దూరం నుంచే పసిగడతాడు. ఇంత వయసులో మొదటిసారి మోసపోయాడు. "నేను డబ్బాను జూసిన గని, అమ్మెటోని మొకం జూడలె" అన్నాడు. బస్సులో ఆ పలకను గొంగట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆయన ముందు ఏడవలేదు.

బోర్డు ఉందో పోయిందో, డిస్కు ఉందో పోయిందో తెలియదు. మంచి డబ్బా వేసి చూస్తే తప్ప తెలియదని రాంచందర్ అన్నాడు. పూజ పెళ్లి మొత్తం అందులోనే ఉంది. నవీన్‌కుమార్ దగ్గర ఒక్క ఫొటో లేదు. ఆ పిల్ల పెళ్లి మళ్లీ చేయగలమా?

నీ డబ్బా ఇంకా విప్పలేదు. పైన రాసింది కొట్టేయడం లేదు. దశరథం దగ్గరికి మాత్రం పోను.

మల్లిక


జడ్చర్ల,
28 మార్చి 2023.

మల్లికా,

నన్ను దొంగను చేశావు. పైగా కొట్టేయనని రాశావు. సరే, నేను కూడా ఏదీ కొట్టేయకుండా రాస్తాను.

మా గేటు దగ్గర నా టిఫిన్ డబ్బా కూడా మూత తీసి చూస్తారు. ఎనిమిదేళ్లుగా ఆ స్టోర్ తాళాలు నా నడుముకు ఉన్నాయి. ఒక్క బోల్టు లెక్క తప్పలేదు. ఆ ఎస్ఎంపీఎస్ నేను సెలవు పెట్టి హైదరాబాద్ పోయి, నా జీతంతో కొన్నది. మూడు షాపులు తిరిగాను. పట్టీ చదివి, గుణించి, వారంటీ నీ పేర రాయించాను. కంపెనీది అందులో ఏదైనా ఉందంటే ఆ టేపు ఒక్కటే. దానికి నన్ను జైలుకు పంపాలంటే పంపు.

పాత సామాను అన్న మాట మీ అన్నకు చెప్పింది నేనే. కొంటానంటే వద్దన్నాడు. "దానికి ఇంకింత ఎక్కియ్యకు" అన్నాడు. గొడవెందుకని కొన్న సంగతి దాచి, పాతది పంపుతున్నానని చెప్పాను. ఆ అబద్ధం తిరిగి తిరిగి నీ నోట దొంగతనమై వచ్చింది. నీ ఉత్తరం చదివిన రోజే ఇంటికి పోయి, "గది నా పైసలతోని కొన్న. నా జీతం నా ఇష్టం" అని చెప్పాను. ఆయన అన్నం తినకుండా పడుకున్నాడు. నేను తిని పడుకున్నాను.

మామను తెలియదు అన్నాను, ఆ మాట తప్పే. ఇనుము పెట్టి అమ్మేవాడు ఉంటాడని నాకూ తోచలేదు. ఆయనతో చెప్పు.

ఇప్పుడు నా మాట విను. పేలినదాన్ని మళ్లీ తగిలించకు. ఇట్లాంటివి నువ్వెప్పుడూ విప్పకు, వాటి కడుపులో కరెంటు నిలిచి ఉంటుంది. ముందు గోడలో ఎర్త్ వైరు ఉందో లేదో ఎవరితోనైనా చూపించు. నా డబ్బా విప్పి, రాంచందర్‌ను ఇంటికి పిలిచి వేయించు. డిస్కు బతికి ఉంటే, వేరే పని ముట్టకముందే ఫొటోలు ఇంకో డిస్కులోకి ఎక్కించు. పోయి ఉంటే నర్సింగమ్మ ఇంటికి నువ్వే పోయి నీ నోటితో చెప్పు. ఇంకొకరి నోట విననివ్వకు. అప్పుడు కూడా దశరథం కుర్చీ ఎక్కకు. పందెం పోతే పోయింది, నువ్వు ఎందుకు పోతావు?

రమ


రామన్నపేట,
10 ఏప్రిల్ 2023.

రమ వదినెకు,

ఫొటోలు ఉన్నాయి. ముందు అదే రాయాలనిపించింది.

నీ ఉత్తరం అందిన రోజే రాంచందర్ వచ్చాడు. గోడలో ఎర్త్ లేదు. బాపే గుంత తవ్వాడు, బొగ్గు, ఉప్పు వేసి రాడ్ దింపారు. తర్వాత నీ డబ్బా విప్పాను. ఎత్తి చూడమని బాపుకిస్తే తీసుకోలేదు. "రమ జూసింది గద, సాలు" అన్నాడు. నువ్వు చెప్పమన్న మాట చెప్పాను. విని తల ఊపాడు.

స్విచ్ వేసినప్పుడు అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఫ్యాను తిరిగింది. బోర్డు మీద పాటలు వినే భాగం ఒక్కటి కాలిపోయింది, అది లేకపోయినా పని ఆగదు. తెర మీద పూజ తలంబ్రాల బియ్యం దోసిట్లో పట్టుకుని నవ్వుతూ కనపడింది. నేను పెద్దగా ఏడ్చాను వదినా, అందరి ముందరే.

మరునాడు బాపు ఆ ఇనుప పలక తీసుకుని ఒక్కడే నల్లగొండ బస్సెక్కాడు. షాపు మెట్ల మీద గొంగడి పరుచుకుని, పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. వచ్చిన ప్రతి మనిషినీ ఆపి, "నాయినా, గిది ఎత్తి జూడు. నా బిడ్డకు గీయన కంపీటర్ అని అమ్మిండు" అని చూపించాడట. షాపువాడు మొదట నవ్వాడు. తర్వాత తిట్టాడు. పొద్దు గుంకే ముందు మేం ఇచ్చింది మొత్తం తెచ్చి చేతిలో పెట్టాడు. బాపు పలక మాత్రం వాపసు ఇవ్వలేదు.

ఆల్బమ్ శుక్రవారం పొద్దున నర్సింగమ్మ ఇంట్లో పెట్టాను. ఒడిబియ్యం పోసినంత సేపూ ఆడవాళ్లు దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు గుంజుకున్నారు. దశరథం కూడా వచ్చాడు. మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేశాడు. తప్పు దొరకలేదు. "నా కాడ నేర్సిందే గద" అన్నాడు.

"పని నీ కాడనే నేర్సిన. నోరు మూసుకోని ఉండుడు మాత్రం నేర్వలె" అన్నాను.

ఈసారి కూడా నవ్వారు, కానీ నన్ను చూసి కాదు.

పూజ అత్తగారివాళ్లు పానగల్ వాళ్లు. వాళ్ల ఇంట్లో వచ్చే నెల పెళ్లి ఉంది, ఆల్బమ్ నాకే ఇచ్చారు. ఇంకొకటి కూడా వచ్చింది. ఇంకో సిస్టం పెట్టాలి, సామాను చూసి కొనేవాళ్లు కావాలి, పట్టీలు చదివి గుణించేవాళ్లు కావాలి. జీతానికి కాదు, సగం భాగానికి. నిన్ను దొంగ అన్నందుకు ఏం రాయాలో తోచక రెండు కాగితాలు చింపాను. మనిషి ఎదురుగా ఉంటే చెప్పగలను.

ఆదివారం రా వదినా. అన్నను అడిగి రాకు. చెప్పి రా.

నీ మరదలు,
మల్లిక